అడుగు కనబడని ట్యాంకు

ఇంట్లో ఉప్పు డబ్బా సగానికి దిగితే అన్నం సహించని మనిషి చేతికి ఒక ఓడ ఇంధనం ట్యాంకు అప్పగిస్తే ఏమవుతుందో తెలియాలంటే భద్రంగారిని చూడాలి. భద్రం ఆయన అసలు పేరు కాదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మనుషుల్నీ బండ్లనీ దాటించే ఫెర్రీకి ఆయన చీఫ్ ఇంజినీరు. స్పానర్ ఇచ్చినా భద్రం, టీ గ్లాసు ఇచ్చినా భద్రం, మెట్లు దిగేవాడికీ భద్రం అంటుంటాడని కిందివాళ్లు చాటుగా ఆ పేరు పెట్టారు. కొన్నాళ్లకు చాటు పోయింది, పేరు మిగిలింది.

ఆయన ఇంట్లో కింది వాటాలో ఆయనా భార్యా, పై వాటాలో అక్కా బావా ఉంటారు. కింది వాటా బీరువాలో వాడుతున్న సబ్బు వెనక నాలుగు సబ్బులు, వెలుగుతున్న బల్బు వెనక అరడజను బల్బులు ఎప్పుడూ ఉండాల్సిందే. అది తల్లి నుంచి వచ్చిన అలవాటు. డబ్బా అడుగు కనబడితే ఇల్లు చిన్నబోతుందని ఆవిడ నమ్మకం. సగానికి దిగగానే కొత్త బియ్యం తెచ్చి పాతవాటి మీదే పోసేది. అడుగున ఉన్న గింజలు ఏ కాలం నాటివో ఆవిడకు తెలీదు, పురుగులకు తెలుసు. కూతురికి ఆ గుణం రాలేదు. కొడుక్కి ఆవిడ వంతూ అక్క వంతూ కలిపి వచ్చింది.

ఫెర్రీ ఇంజిన్లు రెండు రకాల ఇంధనం తాగుతాయి. మామూలుగా గ్యాస్, అవసరమైతే డీజిల్. గ్యాస్ అంటే వంటింటి సిలిండర్‌లో ఉండేది కాదు, విపరీతమైన చలికి నీళ్లలా మారిన మీథేన్. దాన్ని ఉంచే ట్యాంకు మనం టీ పోసుకునే ఫ్లాస్కు లాంటిదే, కాకపోతే లారీ అంత ఉంటుంది. ఫ్లాస్కు ఎంత మంచిదైనా లోపలికి కాస్త వేడి చొరబడుతూనే ఉంటుంది కాబట్టి ద్రవం కొద్దికొద్దిగా ఆవిరవుతూ ఉంటుంది. పైన చేరిన ఆ ఆవిరిని ఇంజిన్‌కి పంపవచ్చు. అది చాలకపోతే అడుగు నుంచి ద్రవాన్ని తోడి, వేడిచేసి, వాయువుగా మార్చి పంపవచ్చు. గ్యాస్‌లో ఏ తేడా వచ్చినా ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి గ్యాస్ మూసేసుకుని డీజిల్‌కి మారిపోతుంది. పైన కూర్చున్న ప్రయాణికులకు పొగగొట్టంలోంచి వచ్చే నల్లటి పొగ తప్ప ఇంకేం తెలీదు. కింద కంట్రోల్ రూములో మాత్రం గంట మోగుతుంది, భద్రంగారి మొహం ఆ పొగ కంటే నల్లబడుతుంది.

వానల నెలల్లో ఫెర్రీకి పని తక్కువ. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు, అదీ సగం ఖాళీగా. ఆ కాస్త పనికి పైన చేరిన ఆవిరి చాలు. రవ్వంత ఆవిరి కూడా గాలిలోకి వదలకుండా, అడుగు ద్రవాన్ని ముట్టుకోకుండా ఆ నెలలన్నీ నెట్టుకొస్తానని భద్రంగారికి మహా గర్వం. అంత పొదుపు చేస్తూ కూడా, ట్యాంకు సగానికి దిగకముందే గ్యాస్ పడవకు కబురు పెట్టేవాడు.

ఆ గ్యాస్ పడవ నడిపే సరంగు ఎవరో కాదు, పై వాటాలో ఉండే బావే. అఖాతానికి అవతలున్న టెర్మినల్లో గ్యాస్ నింపుకుని వచ్చి, ఫెర్రీ పక్కన కట్టి, గొట్టం కలిపి పోసి వెళ్లడం ఆయన పని. మనిషి బంగారం, గడియారమే ఆయనకు గిట్టదు. తన పెళ్లికి తానే ఆలస్యంగా వచ్చిన ఘనుడు. ఆటుపోటు అంటాడు, టెర్మినల్లో వరస పెద్దదంటాడు, తాడు చిక్కుపడిందంటాడు. ఒక్కోసారి ఏ కారణమూ దొరక్క నవ్వేసి ఊరుకుంటాడు. పిలిచినప్పుడల్లా వచ్చి, "మీ ట్యాంకు ఎప్పుడు చూసినా నిండుచూలాలే, కానుపు ఎప్పుడో" అని వేళాకోళం ఆడతాడు. బావమరిది దానికి పళ్లు నూరుతూ, నిండా పొయ్యమంటాడు. బావలూ బావమరుదులూ అలా ఆడిపోసుకుంటుంటే చూసేవాళ్లకు పొద్దుపోయేది.

ఆ ఏడు వానలు వెనకపట్టి జనం తిరగడం మొదలైంది. ఫెర్రీకి ట్రిప్పులు పెరిగాయి, లారీలు వరస కట్టాయి, ఇంజిన్లు పూర్తి లోడు మీద నడవాల్సి వచ్చింది. పై ఆవిరి చాలక అడుగు ద్రవం తోడుకోవడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే, బావ కొత్త గ్యాస్ పోసి వెళ్లిన వారంలోనే, ఇంజిన్ నాక్ కొట్టింది. సిలిండర్లో గ్యాస్ తన వంతు రాకముందే అంటుకుపోతే లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమంటుంది. వెంటనే గంట మోగింది, ఇంజిన్ డీజిల్‌కి మారిపోయింది. మర్నాడు మళ్లీ అదే. ఆదివారం జనం కిక్కిరిసి ఉండగా నడిసంద్రంలో మూడోసారి.

భద్రంగారికి కారణం వెతకాల్సిన పనే పడలేదు. ఇంజిన్ ఆయన కన్నబిడ్డ, ట్యాంకు ఆయన ప్రాణం. మిగిలింది బావ పోసిన గ్యాస్. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనుకుంటూ గట్టు మీదికి వెళ్లి, పదిమందీ వింటుండగా, పోసింది గ్యాసా కుడితా అని అడిగేశాడు. బావ జేబులోంచి టెర్మినల్ ఇచ్చిన పరీక్ష కాగితం తీసి చూపించాడు. అందులో అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి.

"కాగితం మీద అందరూ మంచివాళ్లే బావా" అన్నాడు భద్రం.

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే బావ ఆ రోజు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను ఆలస్యంగా తెస్తాను రా, ఒప్పుకుంటాను. చెడ్డది మాత్రం తేను" అని పడవెక్కి వెళ్లిపోయాడు.

భద్రంగారు అక్కడితో ఆగినా బాగుండేది. ఫెర్రీ కంపెనీ మేనేజరుగారి దగ్గరికి వెళ్లి గ్యాస్ నాణ్యత బాగాలేదని చెప్పాడు. బావను నాలుగు చీవాట్లు పెట్టిస్తే మనసు చల్లబడుతుందని మాత్రమే ఆయన ఆశ. ఆవిడ చీవాట్ల మనిషి కాదు, లెక్కల మనిషి. అంతా విని, సెలవుల రద్దీ మొదలయ్యే రోజు దగ్గరపడింది కాబట్టి ఇక ఈ తలనొప్పి వద్దని, సీజనంతా డీజిల్ మీదే నడిపిద్దామని, గ్యాస్ ఒప్పందం రద్దు చేసుకుందామని తేల్చేశారు. ఆ ఒప్పందం పోతే, ఎప్పుడో వచ్చే ఓడ తప్ప గ్యాస్ పడవకు ఈ రేవులో పనుండదు. దాని యజమానులు దాన్ని ఓ పగలంతా ప్రయాణం చేస్తే గానీ చేరలేని ఇంకో రేవుకు పంపేస్తారు. పడవతో పాటు సరంగు, సరంగుతో పాటు అక్క. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది.

ఆయన ఇల్లు చేరేసరికి ఈ సంగతి ముందే చేరిపోయింది. భార్య కంచం ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"వదిన వెళ్లిపోతే నేనెవరితో మాట్లాడాలి? మీతోనా? మీరు మాట్లాడేది ఆ ఇంజిన్‌తో. ఈ మధ్య అది కూడా మీకు సరిగ్గా జవాబు చెప్పడం లేదట."

ఆయన తల దించుకుని తిన్నాడు. నిజానికి భార్య కంటే ఆయనకే ఎక్కువ దిగులుగా ఉంది. పొద్దున్నే పైనుంచి అక్క చెప్పుల చప్పుడు వినబడితేనే ఆయనకు తెల్లవారినట్టు. బావ మెట్ల మీద దగ్గుతూ దిగుతుంటే ఆయనకు విసుగూ వచ్చేది, ధైర్యమూ వచ్చేది. ఆ పై వాటా ఖాళీ అయితే తాళం వేసిన ఆ తలుపు కింద తను ఎలా పడుకోవాలో ఆయనకు అర్థం కాలేదు. కానీ గ్యాస్ చెడ్డదైతే చెడ్డదని చెప్పకుండా ఎలా ఉండటం? ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడాడు.

మర్నాడు పొద్దున అక్క చిక్కుళ్లు ఒలుచుకుంటూ కింది మెట్టు మీద కూర్చుంది. తమ్ముణ్ణి తిట్టడానికి వచ్చిందనుకుని ఆయన ముందే మొహం గంటు పెట్టుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. గ్యాస్ నిజంగా చెడ్డదేనా అని మాత్రం అడిగింది.

"ఇంజిన్ అబద్ధం చెప్పదక్కా."

"చెప్పదు. అది ఏం చెప్పిందో చెప్పు, నువ్వేం అనుకున్నావో కాదు."

ఇంజిన్ చెప్పింది గ్యాస్ వేళకు ముందే అంటుకుంటోందని, అంతే. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో అది చెప్పలేదు. ఆ మిగతా సగం తనే చెప్పుకున్నాడు. చిక్కుడు తొక్కలు ఏరి చేటలో వేసి, పనికి వెళ్తున్నానని లేచాడు.

ఆ మధ్యాహ్నం బావ పడవ రేవులో ఇంకో ఓడకు గ్యాస్ పోసి తిరుగుప్రయాణానికి తాళ్లు విప్పుతోంది. భద్రంగారు ఒక్క ఉదుటున ఎక్కాడు. తన చేత్తో తానే గ్యాస్ నమూనా పట్టుకోవాలన్నాడు. పట్టుకోమన్నాడు బావ, అలకేమీ లేనట్టే. పడవ ఆగడానికి లేదు, పోటు ఎదురొస్తోంది, టెర్మినల్ దాకా వచ్చి సాయంత్రం వచ్చే లాంచీలో తిరిగి వెళ్లమన్నాడు. కూర్చోడానికి చోటు ఇంజిన్ గది పక్కనే దొరికింది.

ఆ పడవ ఇంజిన్ ఫెర్రీ ఇంజిన్‌కి తమ్ముడు లాంటిది. ఒకే కంపెనీ, ఒకే పద్ధతి, కొంచెం చిన్నది. అది తను మోసే గ్యాస్‌నే తాగి నడుస్తుంది. ఎదురుపోటులో పడవ పూర్తి వేగం అందుకుంది. భద్రంగారు అరచెయ్యి ఇంజిన్ తొడుగు మీద పెట్టి, కళ్లు మూసుకుని, ఆ సుత్తి దెబ్బ కోసం ఎదురుచూశాడు. రేవు దాటారు. అఖాతం మధ్యకొచ్చారు. ఇంజిన్ కడుపునిండా తిన్న మనిషి నిద్రలా సాఫీగా సాగిపోతోంది. నాక్ లేదు, వణుకు లేదు.

ఇది తనకు పోసిన గ్యాసేనా అని అడిగాడు. అదే టెర్మినల్, అదే గ్యాస్ అన్నాడు బావ, అందరికీ పోయగా మిగిలింది మేము తాగుతున్నామన్నాడు. మరి మీ ట్యాంకులో ఎన్నాళ్లు ఉంచుతారని అడిగాడు.

"ఉంచడమేంటి? తెస్తాం, పోస్తాం, మళ్లీ వెళ్తాం. మేం మోసేవాళ్లమే గానీ దాచుకునేవాళ్లం కాదుగా" అన్నాడు బావ టీ వంపుతూ.

భద్రంగారి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. తనకు తెలియని విషయమా అది? ప్రతి ఏడూ కొత్తగా చేరిన వాళ్లకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠమే. ట్యాంకులో ఉండేది ఒట్టి మీథేన్ కాదు, దానితో పాటు ఈథేన్, ప్రొపేన్ లాంటి బరువైన చుట్టాలూ కాస్త కలిసి ఉంటాయి. ఆవిరయ్యేటప్పుడు తేలికైన మీథేనే ముందు లేచిపోతుంది, బరువైనవి అడుగునే కూర్చుంటాయి, సిలిండర్లో వేళకు ముందే అంటుకునేవీ అవే. వానల నెలలన్నీ తను పై ఆవిరి మాత్రమే తోడి వాడాడు. అంటే మంచిదంతా తేరుకుని తాగేసి బరువును అడుగున పోగేశాడు. సగం దిగకుండానే కొత్తది తెప్పించి ఆ పాతదాని మీదే పోయించాడు. ఏటికేడూ ఆ మడ్డి చిక్కబడుతూ వచ్చింది. ఈసారి ముందెన్నడూ లేనంత లోడు మీద, ఆ అడుగుదే తోడి ఇంజిన్ నోట్లో పోసేసరికి అది తట్టుకోలేక కొట్టుకుంది. దీపం కిందే చీకటి. పాఠం చెప్పే మనిషికి ఆ పాఠం తన ట్యాంకు గురించేనని తట్టలేదు, ఎందుకంటే దాచుకోవడం కూడా తప్పు కావచ్చన్న ఊహే ఆయన బుర్రలోకి ఎన్నడూ రాలేదు.

"బావా, తప్పు నాది" అన్నాడు.

"ఏ తప్పు రా? చాలా ఉన్నాయి, ఏదో చెప్పు" అన్నాడు బావ.

ఆయన మొత్తం చెప్పాడు. బావ నవ్వలేదు. మేనేజరు దగ్గర ఏమీ చెప్పొద్దని, పడవ ఎక్కడైనా బతుకుతుందని, నువ్వు ఆవిడ ముందు చిన్నబోతే మీ అక్క ఓర్చుకోలేదని అన్నాడు. ఆ మాటకు భద్రంగారికి కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ కలిసి దగ్గు రూపంలో బయటికొచ్చాయి. చెప్పి తీరతానన్నాడు.

టెర్మినల్ దగ్గరపడింది. అప్పుడు బావ మెల్లగా అడిగాడు.

"నేను రాననేగా రా అంత దాచావు?"

అవునంటే బావ నొచ్చుకుంటాడు, కాదంటే అబద్ధం. లాంచీ వచ్చేదాకా భద్రంగారు టీ గ్లాసు కడుగుతూనే ఉన్నాడు.

మేనేజరుగారు మర్నాడు ఆయన చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నారు.

"అంటే గ్యాస్ మంచిదే. మీరు దాచిపెట్టింది చెడింది."

"అవునండి."

ఆవిడ తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది. అలా కాకుండా, దీన్ని బాగుచేయాలంటే ఏం చెయ్యాలో చెప్పమన్నారు. పాత గ్యాస్‌ను నెమ్మదిగా కాల్చేయాలన్నాడు. ఇంజిన్ మీద లోడు తక్కువగా ఉంటే ఆ బరువైన గ్యాస్ కూడా సాఫీగానే కాలుతుంది, కాబట్టి ఫెర్రీని సగం వేగంతో నడుపుతూ ట్యాంకును అడుగుదాకా దింపాలి. పూర్తిగా ఎండిపోకూడదు, ట్యాంకు వేడెక్కిపోతే మళ్లీ చల్లబరచడానికి ఒక రోజు పోతుంది. కాస్త మాత్రం అడుగున మిగిలి ఉండగానే, సరిగ్గా ఆ పొద్దునే, కొత్త గ్యాస్ వచ్చి పడాలి. ఆవిడ వేళ్ల మీద లెక్క చూసుకుని, సెలవులు మొదలయ్యే రోజు పొద్దున అది జరగాలన్నారు. ఆ రోజు నిండు ఫెర్రీ గ్యాస్ మీద అవతలి గట్టుకు చేరితే ఒప్పందం ఉంటుంది. ఒక్కసారి డీజిల్‌కి మారినా ఇక మాటల్లేవు. తర్వాత ఆవిడ కళ్లజోడు తీసి, ఆ గ్యాస్ సరంగు వేళకు వస్తాడా అని అడిగారు. బయల్దేరతాడండి అని మాత్రం అనగలిగాడు భద్రం.

ఆ తర్వాత ఫెర్రీ నత్తనడక నడిచింది. నడిచి వెళ్లినా ఈపాటికి చేరేవాళ్లమని సముద్రం మధ్యలో ప్రయాణికులు విసుక్కున్నారు. ఒకాయన టికెట్ తీసుకునేటప్పుడు రాత్రి భోజనం కూడా ఇస్తారా అని అడిగాడు. కింద భద్రంగారు ఇంజిన్ కంటే ట్యాంకు మట్టం చూపే గేజి వైపే ఎక్కువ చూశాడు. ముల్లు సగం దాటింది. ఆయన అన్నం సగం మానేశాడు. ముల్లు పావు దాటింది. బీరువాలోని సబ్బులు తీసి, పేర్చి, మళ్లీ లోపల పెట్టాడని భార్య పై వాటాకు వెళ్లి చెప్పింది, వదినా మరదళ్లిద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. కానీ ఇంజిన్ మాత్రం ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. చేసిన తప్పు కొద్దికొద్దిగా కాలిపోతుంటే ఆయన గుండెల్లో భయం పక్కనే ఏదో తేలిక కూడా చేరింది.

సెలవులు మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం బావ టెర్మినల్‌కి వెళ్లాడు. పొద్దున్నే ఫెర్రీ దగ్గరుంటానని అక్కతో చెప్పి వెళ్లాడు. సాయంత్రం చివరి ట్రిప్పు అయ్యేసరికి ట్యాంకు ముల్లు ఆయన ఎన్నడూ చూడని చోటికి దిగింది.

తెల్లవారేసరికి రేవంతా పొగమంచు. గట్టు మీద నిలబడ్డ మనిషికి తన ఫెర్రీయే సగం కనబడుతోంది. ప్రయాణికుల షెడ్డు నిండిపోయింది. పిల్లలు, పెట్టెలు, సైకిళ్లు. మేనేజరుగారు శాలువా కప్పుకుని వచ్చి నిలబడ్డారు. గ్యాస్ పడవ జాడ లేదు. రేడియోలో పిలిస్తే పలకలేదు. రేవు బయట రెండు ఓడలు మంచుకు భయపడి లంగరు వేసుకున్నాయని మాత్రం తెలిసింది.

ఫెర్రీ కెప్టెన్ మంచి మనిషే గానీ ఓపిక తక్కువ. ఈ మంచులో ఆ సరంగు రాడని, ఎండ కాసే రోజే వేళకు రానివాడు ఇప్పుడేం వస్తాడని, మంచు కాస్త పలచబడగానే డీజిల్ మీద బయల్దేరదామని అన్నాడు. మేనేజరుగారు భద్రంగారి వైపు చూశారు. ఆవిడ కూడా అదే మాట అనుకుంటున్నారని ఆయనకు తెలిసింది. గేజి ముల్లు ఆయన కళ్లముందు కదిలింది. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంది. ఊ అంటే చాలు, అన్నీ భద్రం. పై వాటా తప్ప.

ఆయన నోటివెంట వచ్చిన మాట ఆయనే ఊహించలేదు.

"ఆగండి. మా బావ వస్తాడు."

ఎలా చెప్పగలవన్నాడు కెప్టెన్. భద్రంగారి దగ్గర కారణమేమీ లేదు. ఉన్న కారణాలన్నీ రాడనే చెబుతున్నాయి.

"వస్తానన్నాడు. వస్తాడు" అన్నాడు మళ్లీ, ఈసారి కాస్త గట్టిగా.

కెప్టెన్ గడియారం చూసుకున్నాడు. అప్పుడు ఫెర్రీకి అవతలి పక్కనుంచి, పట్టుమని ఇరవై గజాలు లేని చోటినుంచి, బొంగురుపోయిన గొంతు వచ్చింది.

"వచ్చే ఉన్నాను రా."

సంగతేమిటంటే, మంచు పడుతుందని టెర్మినల్లోనే విన్న బావ వరసలో బతిమాలుకుని ముందే నింపుకుని, సాయంత్రం ఫెర్రీవాళ్లంతా ఇళ్లకు వెళ్లాక, మసకమంచులోనే వచ్చి పక్క గట్టుకు కట్టేసుకుని పడవలోనే పడుకున్నాడు. తెల్లవారుజామునే కిందికి దిగి గొట్టాన్ని చల్లబరుస్తూ ఉంటే పైన రేడియో పిలిచింది వినబడలేదు. పైకొచ్చేసరికి మంచు అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారు. వచ్చానని అరవబోయి ఆగాడు. బావమరిది ఏమంటాడో వినాలనిపించింది. ఒక కొంటె మాట కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాడు. తీరా విన్నాక ఆ కొంటె మాట గొంతులోనే ఉండిపోయింది.

మంచు పలచబడ్డాక గొట్టం కలిపారు. వేళ మించిపోతోంది కాబట్టి ఆ రోజు ట్రిప్పులకు సరిపడా మాత్రం పోశారు. గొట్టం అటు చివర బావ, ఇటు చివర బావమరిది. రోజూ రేవంతా వినబడేలా తిట్టుకునేవాళ్లు ఆ పొద్దున ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వాల్వులు తిప్పారు. గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుంటుంటే ఇద్దరూ అదేదో వింత అయినట్టు దానివైపే చూశారు.

నిండు జనంతో, లారీలతో ఫెర్రీ బయల్దేరింది. పూర్తి వేగం అందుకునేటప్పుడు భద్రంగారు గేజి వైపు చూడలేదు. తొడుగు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నడిసంద్రం దాటింది, అవతలి గట్టు కనబడింది, ఇంజిన్ ఒక్క దెబ్బ కూడా కొట్టుకోలేదు. పైన పొగగొట్టం మీద ఆకాశం శుభ్రంగా ఉంది. ఆ రోజు ట్రిప్పులన్నీ అలాగే సాగాయి. సాయంత్రం మేనేజరుగారు కంట్రోల్ రూము మెట్లు సగం దిగి, ఒప్పందం ఉంటుందని, ఇకనుంచి ట్యాంకు ఎప్పుడు ఎంత దించాలో ఆయన్నే ఒక పద్ధతి పెట్టమని చెప్పి వెళ్లారు. ఆయన వెంటనే ఇంటికి ఫోను చేశాడు. అక్క ఎత్తింది. ఎక్కడికీ వెళ్లక్కర్లేదక్కా అనేసరికి అవతల భార్య ఫోను లాక్కుని బావా బావమరుదులిద్దరూ వేళకు భోజనానికి రమ్మంది.

పొద్దు వాలుతుండగా బావ పడవ మళ్లీ పక్కకు వచ్చి కట్టింది. పొద్దున వేళ లేక పోయనిది ఇప్పుడు పోయాలి. ట్యాంకు ముల్లు మళ్లీ అడుగుకు దిగి ఉంది. బావ గొట్టం అందించి, అలవాటు ప్రకారం అడిగాడు.

"నిండా పొయ్యనా?"

భద్రంగారు ఒకసారి ముల్లు వైపు చూశాడు, ఒకసారి బావ వైపు చూశాడు.

"వద్దు బావా. రేపటికి చాలినంత పొయ్యి. ఎల్లుండి పొద్దున నువ్వొస్తావుగా."

బావ మొహం అటు తిప్పుకుని, బిగించి ఉన్న వాల్వునే మళ్లీ బిగిస్తూ చాలాసేపు నిలబడిపోయాడు.